ఒక తీగ – పెక్కు మాటలు

హైదరాబాదు నుండి పడమరగా ముంబయి రహదారిని పోవువారికి రామచంద్రాపురము మొదలు సంగారెడ్డి వరకు రెండు విధములైన తీగలు తోడు వచ్చును. ఒకటి కంటికి కనబడునది. ఇనుప స్తంభముల మీద సాగిపోవు హెచ్చు వోల్టేజి విద్యుత్తు తీగ. రెండవది కనబడనిది, రోడ్డు ప్రక్కన గోతిలో పూడ్చిన కేబులు. దాని జాడ తెలుపుటకు అక్కడక్కడ చిన్న గుర్తురాళ్లు మాత్రము నిలిచి యుండును. పటాన్‌చెరువు ఫ్యాక్టరీల లెక్కలు, బ్యాంకుల చెల్లింపులు, కందిలోని ఐ.ఐ.టి. విద్యార్థుల పాఠములు, ఇస్నాపూరు ఇరుకు గదులలో కాపురమున్న కార్మికులు రాత్రివేళ ఒడిశాకో బీహారుకో ఇంటికి చేయు సెల్‌ఫోను పలకరింపులు – ఇవన్నియు ఆ కేబులులోని వెంట్రుకవంటి గాజుపోగులలో ఒకే వేళ పోవుచున్నవి. ఒకరి మాట మరియొకరి చెవిన పడదు. తలపైనున్న విద్యుత్తు తీగ సైతము విద్యుత్తుతో బాటు మాటలను మోయగలదని చెప్పిన చాలమంది నమ్మరు.

ఒక్క తీగలో ఇందరి మాటలు ఎట్లు ఇమిడినవి? ఇమిడినవి కలిసిపోక ఎట్లు నిలిచినవి? ఈ ప్రశ్నకు సమాధానము ఏ ఒక్కనాడో ఏ ఒక్కరో కనుగొన్నది కాదు. దాదాపు నూటడెబ్బది ఏండ్లుగా సాగుచున్న కథ ఇది. అందులో మన దేశమునకును కొంత పాలు కలదు.

రేడియో గల ఇండ్లవారికి ఈ మర్మము సగము తెలిసినదే. ఏరియలునకు ఏ క్షణమున చూచినను ఎన్నో కేంద్రముల తరంగములు తగులుచునే యుండును. మధ్యమతరంగములలో హైదరాబాదునకు కేటాయించినది 738 కిలోహెర్ట్జ్, విజయవాడకు 837, విశాఖపట్టణమునకు 927. అన్నియు ఒకే తీగముక్క మీద ఒకదానిపై నొకటి పడును. మీరు బొత్తాము త్రిప్పినపుడు రేడియో క్రొత్తగా దేనిని పిలుచుట లేదు. వచ్చినవానిలో ఒక్కదానిని నిలుపుకొని తక్కినవానిని త్రోసిపుచ్చుచున్నది. పెక్కు సంకేతములను కలుపుటకు తెలివి అక్కరలేదు. కలిసినవానిని మరల వేరుచేయుటలోనే తెలివియంతయు నున్నది. మేము చెప్పబోవు కథయంతయు ఆ వేరుచేయు విద్యను గూర్చినదే.

ఈ విద్య పేదరికము వలన పుట్టినది. తీగ మిక్కిలి ఖరీదు. మన దేశమున 1851లో కలకత్తా నుండి డైమండు హార్బరు వరకు మొదటి తంతి లైను వేసిరి. అటు పిమ్మట వేల మైళ్ల తీగ వేసినను, ఆ తీగ మీద ఒకసారికి ఒక్క వార్త మాత్రమే పోవును. అవతలివాడు పంపుచున్నంత సేపు ఇవతలివాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. రెండవ తీగ వేయుటకు ధనము లేదు. ఉన్న తీగనే రెండుగా వాడుకొనరాదా అను ఆలోచన అందరికంటె ముందు వియన్నా నగరమున జూలియస్ విల్హెల్మ్ గింటులునకు 1853లో తట్టినది.

చిక్కు ఒక్కటే. నేను పంపు విద్యుత్తు నా యొద్దనున్న గ్రాహక యంత్రమునే కదల్చును. అప్పుడు ఎదుటివాడు పంపినది నాకు తెలియదు. దానికి విరుగుడు త్రాసు వంటిది. పంపు విద్యుత్తును రెండు సమభాగములు చేసి, ఒక భాగమును లైనులోనికి, రెండవ భాగమును అచ్చముగా ఆ లైనువలె ప్రవర్తించు ఒక కృత్రిమ తీగలోనికి పంపుదురు. ఈ రెండు భాగములు నా గ్రాహకమును చెరియొక వైపునకు లాగును. తూకము కుదిరినచో అది కదలదు. దూరము నుండి వచ్చు విద్యుత్తుకు ఆ తూకము లేదు గనుక అది మాత్రమే గ్రాహకమును కదల్చును. బోస్టనుకు చెందిన స్టెర్న్సు 1872లో దీనిని నమ్మకముగా పనిచేయునట్లు తీర్చెను.

ఇక మన దేశపు పాలు. ఇచ్చటి తంతి శాఖలో లూయీ ష్వెండ్లరు అను జర్మను ఇంజనీరు ఉండెను. తంతి గుంజల మీది పింగాణి వానకాలమున తడిసిన విద్యుత్తు కారిపోవును. ఎండకాలమున బిగిసిన తూకము తొలకరి నాటికి చెడిపోవును. ఐరోపాలో స్వల్పముగా నున్న ఈ బాధ మన ఋతువులలో పెద్దది. తూకమును త్వరగా కుదుర్చుకొనుట, కుదిరినదానిని నిలుపుకొనుట ఎట్లన్న విషయమును ఆయన గణితముతో సాధించి, 1874 నుండి కలకత్తాలోని బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసములుగా ప్రకటించెను. ఎడిసను పేరు ఎరుగని బడిపిల్లవాడు లేడు. అదే 1874లో ఎడిసను ఒక తీగ మీద నాలుగు వార్తలు పంపిన సంగతియు పుస్తకములలో నున్నది. మన వానలలో తీగను నిలబెట్టిన ష్వెండ్లరు పేరు మాత్రము ఎవరికిని తెలియదు. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము.

త్రాసు పద్ధతికి హద్దు కలదు. ఇద్దరికో నలుగురికో చాలును గాని పదిమందికి చాలదు. దాని తరువాతి మెట్టు సంగీతము నుండి వచ్చినది. ఒకే గదిలో రెండు వీణలు ఒకే శ్రుతిలో నుంచి, ఒకదానిపై షడ్జమము మీటినచో రెండవ వీణలోని షడ్జమపు తీగ తనంతట తాను మెల్లగా మ్రోగును. పంచమపు తీగ పలుకదు. అలెగ్జాండరు గ్రేహం బెల్లు 1875లో చేయుచున్న పని సరిగా ఇదియే. వేరువేరు స్వరములకు శ్రుతిచేసిన లోహపు రేకులతో ఒక్క తీగ మీద అనేక తంతి వార్తలు పంపవలెనని ఆయన యత్నము. ఆ యత్నములో నుండగా టెలిఫోను దొరకినది. లోకమంతయు టెలిఫోను వెంట పరుగెత్తినది. మొదటి ప్రశ్న వెనుకబడినది.

అది మరల ముందుకు వచ్చుటకు రేడియో పుట్టవలసి వచ్చెను. 1910లో అమెరికా సైన్యమునకు చెందిన జార్జి ఓవెన్ స్క్వయరు, రేడియో తరంగములను ఆకాశమున వదలక తీగ వెంట నడిపించి, ఒకే తీగ మీద అనేక సంభాషణములు పంపవచ్చునని చూపెను. మనిషి మాటలో అర్థము తెలియుటకు కావలసిన పౌనఃపున్యములు ఇంచుమించు 300 మొదలు 3400 హెర్ట్జ్ వరకు మాత్రమే. ఆ కొద్దిపాటి పట్టీని ఉన్నచోట నుండి ఎత్తి పైమెట్టున కూర్చుండబెట్టవచ్చును. ఒకరి మాట 60 కిలోహెర్ట్జ్ దగ్గర, రెండవవారి మాట 64 దగ్గర, మూడవవారి మాట 68 దగ్గర. ఒక్కొక్కరికి 4 కిలోహెర్ట్జ్ చోటు. మాటకు మాటకు నడుమ పొలము గట్టువలె కొంత ఖాళీ. ఇట్లు 60 నుండి 108 వరకు పండ్రెండుమందిని కూర్చుండబెట్టుట తరువాతి కాలమున అన్ని దేశముల టెలిఫోను శాఖలకు ప్రమాణమైనది. చివరి ఊరిలో ఎవరి గదికి వారి తలుపు తెరచి, మాటను మరల క్రిందికి దింపి చెవికందింతురు. ఆ తలుపే ఫిల్టరు. దానిని రూపొందించినవాడు జి. ఎ. కాంబెలు. 1918లో బాల్టిమోరు, పిట్స్‌బర్గు నగరముల నడుమ ఒక తీగజంట మీద మామూలు మాటకు తోడు మరి నాలుగు మాటలు నడచినవి.

మన దేశమున ఈ విద్య స్వాతంత్ర్యానంతరము వ్యాపించినది. 1948లో బెంగుళూరున స్థాపించిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీసు వారు మూడు, ఎనిమిది, పండ్రెండు మాటలు మోయు యంత్రములను తయారుచేసిరి. రైలు కిటికీలో నుండి చూచువారికి గుంజల మీద లేచుచు దిగుచు కనబడిన రాగితీగలు అవియే. శ్రద్ధగా చూచినవారికి మరియొకటి కూడ కనబడియుండును: కొన్ని గుంజల కొకసారి జంటలోని తీగలు తమ చోట్లు మార్చుకొనును. ప్రక్క జంట నుండి సోకు సద్దు ఒక భాగమున ఒక వైపును, మరు భాగమున ఎదురు వైపును పడి రద్దగుటకే ఆ ఏర్పాటు.

అయినను మాటలు వేయి, దారులు పది. ట్రంకు కాలు బుక్ చేసి గంటలకొలది కూర్చుండిన తరము ఇంకను మన ఇండ్లలో నున్నది. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగు అని మూడు తరగతులు; తరగతిని బట్టి రుసుము. చావు కబురునకును సరుకు ధరకును అదే వరుస. టెలిఫోను ఆపరేటరు తప్పు ఏమియు లేదు; తీగలో చోటు లేదు. నంబరు త్రిప్పి నేరుగా దూరపు ఊరితో మాటాడు సౌకర్యము దేశమున మొదట 1960లో లక్నో కాన్పూరుల నడుమ కలిగినది. తీగలో చోటు పెరిగిన కొలది అది తక్కిన ఊళ్లకు ప్రాకినది.

మా రేడియోవారి కష్టము వేరు. స్టూడియోలో పాడిన పాట దూరపు ట్రాన్స్‌మిటరును చేరవలెనన్నను తీగయే కావలెను. మాటకు 3400 హెర్ట్జ్ చాలును. వీణకు, వేణువునకు చాలదు. 10 కిలోహెర్ట్జ్ వరకు పోవు సంగీతమును ఒక ఊరి నుండి మరియొక ఊరికి పంపవలెనన్న పండ్రెండు గదులలో మూడింటిని ఖాళీచేయించి నడుమ గోడలు తీసివేయవలెను. అనగా ఒక కచేరి సాగుచున్నంతసేపు ముగ్గురి టెలిఫోను మాటలకు చోటు పోవును. గొంతు గుర్తుపట్టుటకు చాలు తీగ, గమకము పట్టుటకు చాలదు.

ఇంతవరకు చెప్పినది వేరుచేయు తలుపులను గూర్చి. తలుపులు ఎంత గట్టివైనను దారి శుభ్రముగా లేనిచో ఫలము లేదు. దూరము పోవుకొలది సంకేతము నీరసించును గనుక నడుమ నడుమ యాంప్లిఫయర్లతో దానికి బలము పోయవలెను. ఆ యాంప్లిఫయరు వచ్చినదానిని వచ్చినట్లు పెంచినచో బాధలేదు. కొంచెము వంకరగా పెంచెనా, రెండు సంకేతములు దానిలో ఢీకొని, తమ మొత్తమును భేదమును అను రెండు క్రొత్త సంకేతములను కనును. 60, 64 కలిసిన 124 పుట్టును, 4 పుట్టును. ఆ పుట్టినది పోయి మూడవవాని గదిలో కూర్చుండును. దానిని ఏ ఫిల్టరును తీయజాలదు. ఏలన అది న్యాయముగా ఆ గదికి చెందినదానివలెనే యుండును. ఒక్క యాంప్లిఫయరు లోపమును సహింపవచ్చును. వందలకొలది వరుసగా నున్నపుడు మాట గలభాయగును.

బెల్ సంస్థలోని యువ ఇంజనీరు హెరాల్డు బ్లాకు దీనిపై ఆరేండ్లు కుస్తీపట్టెను. 1927 ఆగస్టు 2న ఉదయము హడ్సను నదిని పడవలో దాటి పనికి పోవుచుండగా విరుగుడు స్ఫురించెను. చేతిలోని వార్తాపత్రిక పుట మీదనే గీసికొనెను. కావలసినదానికంటె ఎన్నో రెట్లు హెచ్చుగా పెంచి, బయటికి వచ్చినదానిలో కొంత భాగమును తలక్రిందులు చేసి మరల మొదటికి త్రిప్పి పంపుటయే ఆ విరుగుడు. అప్పుడు యాంప్లిఫయరు చేర్చిన వంకర తనంతట తానే తగ్గిపోవును. గాయకుడు తన గొంతును తానే వినుచు శ్రుతి సరిచూచుకొనుట ఇట్టిదే. సంపాదించిన బలమును చేతులారా వదలుకొనుట మొదట ఇంజనీర్లకు పిచ్చిగా తోచినది. కాని 1936లో న్యూయార్కు, ఫిలడెల్ఫియా నగరముల నడుమ ఒక్క కో-యాక్సియలు కేబులులో 240 సంభాషణములను పరీక్షింపగలుగుటకు ఈ పిచ్చియే మూలము. నేడు ఇంటింటికి టెలివిజను ఛానళ్లను మోసుకొనివచ్చిన కేబులు దాని సంతతిలోనిదే.

ఒక విషయమును ఇచ్చట నిలిచి చూడవలెను. పటాన్‌చెరువు ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీరకు పోయిన దుఃఖము ఈ ప్రాంతమువారికి తెలియనిది కాదు. ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టుకు పోయినది. వాగులో కలిసిన మురుగులో ఏది ఏ ఫ్యాక్టరీదో వేరుచేయ శక్యము కాదు. రసాయనములు ఒకదానితో నొకటి చేరి క్రొత్త పదార్థములగును. తీగలో కలిసిన మాటలు అట్లు చేరవు. చెరువులో రెండు రాళ్లు వేసినచో అలలు ఒకదానిలో నుండి ఒకటి దూరి ఏ మార్పును లేక తమ దారిన పోవును గదా, తీగలోని తరంగములకును అదే స్వభావము. బ్లాకు చేసిన పని ఆ స్వభావమును యాంప్లిఫయరు చెడగొట్టకుండ కాపాడుట. ఆ కాపుదల తప్పిననాడు కేబులును నక్కవాగే.

ఇప్పుడు ముంబయి రహదారి మీది విద్యుత్తు తీగ దగ్గరకు వత్తము. రామచంద్రాపురమున 1960 తరువాతి దశకములో చెకోస్లోవేకియా సహాయముతో భారత్ హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరువున ఇక్రిశాట్ వచ్చినది. ఆ తరువాత పారిశ్రామికవాడలు, 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము. వీనికి విద్యుత్తు తెచ్చు 132, 220 కిలోవోల్టుల లైన్లు పొలముల మీదుగా వ్యాపించినవి. ఒక ఉపకేంద్రమునకు, మరియొక ఉపకేంద్రమునకు, హైదరాబాదులో విద్యుత్తు పంపిణీని కనిపెట్టియుండు నియంత్రణ కార్యాలయమునకు నడుమ ఎల్లవేళల మాట నడువవలెను. ట్రంకు కాలునకు వేచియుండిన పని జరుగదు. వేరే టెలిఫోను తీగ వేయుటకంటె, ఎదుటనే యున్న బలమైన విద్యుత్తు తీగను వాడుకొనుట మేలని ప్రపంచమంతట విద్యుత్తు శాఖలవారు చాలకాలము క్రిందటనే గ్రహించిరి.

లక్షా ముప్పదిరెండువేల వోల్టుల తీగకు టెలిఫోను తగిలించుట యనగా పులి మెడలో గంట కట్టుటయే. కాని పులి గొంతు ఒకటి, గంట నాదము వేరొకటి. విద్యుత్తు సెకనునకు 50 సార్లు ఊగును. మాటను మోయు వాహక తరంగము 50 నుండి 500 కిలోహెర్ట్జ్ లోపల, ఉదాహరణమునకు లక్షసార్లు ఊగును. భేదము రెండువేల రెట్లు. కెపాసిటరు అను పరికరమునకు ఒక గుణము కలదు. అది మెల్లగా ఊగు విద్యుత్తును అడ్డగించును, వడిగా ఊగుదానికి దారి యిచ్చును. లావాటి తీగచుట్టకు గుణము దీనికి సరిగా వ్యతిరేకము. అందువలన పింగాణి గూటిలో పొడుగుగా నిలిచిన కెపాసిటరు ద్వారా మాటను తీగ మీదికి ఎక్కింతురు, దింపుదురు. ఆ మాట ఉపకేంద్రపు యంత్రములలోనికి పోయి వృథాగాకుండ తీగ లోనికి దిగుచోట ఒక పెద్ద చుట్టను పెట్టుదురు. ఏ ఉపకేంద్రపు కంచె ప్రక్కన నిలిచి చూచినను, పీపావలె వ్రేలాడుచునో దిమ్మె మీద నిలిచియో ఆ చుట్ట కనబడును. సిబ్బంది దానిని వేవ్ ట్రాప్ అందురు. విద్యుత్తు దానిలో నుండి నిరాటంకముగా పోవును. మాట అచ్చట ఆగి వెనుకకు మరలును.

ఆ నాలుగు కిలోహెర్ట్జ్ గదిలోను ఇద్దరు ముగ్గురు కాపురముందురు. క్రిందిభాగమున ఇంజనీర్ల మాటలు. పైభాగమున మీటర్ల లెక్కలు. వానితోబాటు ఆపత్కాలమున మాత్రమే నోరెత్తు ఒక సంకేతము. దాని పని గొప్పది. లైను మీద ఎచ్చటనో చెట్టుకొమ్మ పడినదనుకొందము. దగ్గరి ఉపకేంద్రము దానిని వెంటనే గుర్తించి తన బ్రేకరును తెరచును. దూరపు ఉపకేంద్రమునకు లోపము తన లైనులోనిదో, అవతలి లైనులోనిదో రూఢిగా తెలియదు. తెలిసికొనుటకు అర సెకనుదాక ఆగవలసి యుండును. ఆ అర సెకనులో యంత్రములు కాలిపోవచ్చును, జిల్లా చీకటి కావచ్చును. దగ్గరి ఉపకేంద్రము వాహక తరంగము మీద ఒక్క కేక వేసినచో దూరపు బ్రేకరు కొన్ని పదుల మిల్లీసెకండ్లలో తెరచుకొనును. దెబ్బతిన్న తీగ తన దెబ్బను గూర్చిన వార్తను తానే మోయవలెను, అదియును మెరుపుల గర్జనల నడుమ! అందుచేతనే సంకేతమును ఒక్క తీగకు గాక రెండు తీగల నడుమ ఎక్కించు వాడుక వచ్చినది. ఒకటి నేలకూలినను రెండవది మోయును. ఇటీవలి లైన్లలో శిఖరమున నుండు భూతీగ గర్భమున గాజుపోగులు అమర్చి ఈ పనులను వానికప్పగించుచున్నారు.

పౌనఃపున్యములను పంచుకొనుటలోని సొగసునకు మన తెలుగు గ్రామములలో జరిగిన మరియొక ఉదాహరణమును విడుచుటకు మాకు మనసొప్పుట లేదు. అది తీగ మీద కాదు, ఆకాశమునుండి. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఒక అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు చూపిరి. గ్రాహక యంత్రములను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసినది. చిత్రము ఒక్కటియే, దానితో రెండు ధ్వనులకు చోటు, ఒకటి 5.5 మెగాహెర్ట్జ్ వద్ద, రెండవది 6 మెగాహెర్ట్జ్ వద్ద. ఆంధ్ర కర్ణాటక గ్రామములు ఒకే బొమ్మను చూచుచు, ఒకరు తెలుగును, మరియొకరు కన్నడమును వినిరి.

గదులుగా పంచుటకు బదులు కాలమును పంచుట మరియొక పద్ధతి. తెలంగాణపు చెరువుల క్రింద నీరటికాడు చేయుపని ఇదే. కాలువ ఒక్కటే, మడులు అనేకము. ఒక మడికి కొంతసేపు మడవ తెరచి, మూసి, తరువాతి మడికి తెరచును. వంతు తప్పనంతవరకు ఎవరి పైరును ఎండదు. 1870 తరువాత బోదో అను ఫ్రెంచి తంతి ఉద్యోగి వార్తలను ఇట్లు వంతులుగా పంపెను. మాటను గూడ వంతుగా పంపవచ్చునని 1937 ప్రాంతమున పారిసులో పనిచేయుచున్న అలెక్ రీవ్సు కనుగొనెను. మాటను ఎడతెగక పంపనక్కరలేదు. సెకనునకు 8000 సార్లు తూచి, ఆ తూకములను అంకెలుగా పంపిన చాలును, వినువానికి లోటు తెలియదు. 3400 హెర్ట్జ్ మాటకు దాని రెట్టింపునకు మించిన తూకములు చాలునని గణితము. ఒక తూకమునకు మరియొక తూకమునకు నడుమ 125 మైక్రోసెకండ్ల వ్యవధి కలదు. ఆ వ్యవధిలో మరి ఇరువది తొమ్మిదిమంది తమ తూకములను దూర్చుదురు. ఇంకను రెండు వంతులు, లెక్క తప్పకుండ కాపాడుటకును, ఎవరు ఎవరిని పిలుచుచున్నారో తెలుపుటకును మిగులును. మన దేశమున ఈ పద్ధతి 1975లో బొంబాయి నగరము, అంధేరీ ఎక్స్ఛేంజిల నడుమ మొదలైనది. చెప్పుటకు సులభమే గాని, రెండు కొనలందలి గడియారములు మైక్రోసెకండునకు తేడా లేక నడువవలెను. గడియారము జారినచో నా మాట మీ ఇంటికి, మీ మాట నా ఇంటికి.

ఆపైన గాజు వచ్చినది. 1966లో చార్లెస్ కావో, హాకముల వ్యాసము. 1970లో కార్నింగు సంస్థ తీసిన శుద్ధమైన పోగు. 1979లో పూణె నగరమున మన దేశపు మొదటి లైను. రాగి యుగము మెల్లగా ముగిసినది. రూపనారాయణపురమున, తరువాత హైదరాబాదున టెలిఫోను కేబులు చేసిన హిందుస్థాన్ కేబుల్సు సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్ర మంత్రివర్గము నిర్ణయించినది.

గాజుపోగులో కాలమును పంచుకొన్నది చాలక, మరల పౌనఃపున్యములనే పంచుకొనవలసి వచ్చెను. కాని ఇప్పుడు వానిని రంగులనవలెను. కంటికి కనబడని పరారుణ కాంతిలో ఒకదానికొకటి మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు కంటె తక్కువ భేదముగల నలుబది, ఎనుబది రంగులను ఒకే పోగులో పంపి, అవతల ఇంద్రధనుస్సును విడదీసినట్లు విడదీయుదురు. 1987లో ఎర్బియము కలిపిన గాజుతో, కాంతిని కాంతిగానే పెంచు యాంప్లిఫయరు సిద్ధమగుటచేత ఇది సాధ్యమైనది. బ్లాకు నాటి శత్రువు ఇక్కడను ఎదురయ్యెను. కాంతి మిక్కుటమైనచో గాజు సైతము వంకరగా ప్రవర్తించి, మూడు రంగుల నుండి నాలుగవ రంగును పుట్టించును. రంగులకు చోట్లు ఏర్పరచుటలోను, బలమును అదుపులో నుంచుటలోను ఇంజనీర్లు నేటికిని ఆ జాగ్రత్త పడుచున్నారు.

ఊరి చివరి ఇంటికి వచ్చుసరికి మూడు పద్ధతులును ఒక్కచోట చేరును. 2011లో కేంద్ర ప్రభుత్వము గ్రామ పంచాయతీలకు గాజుపోగు వేయ నిశ్చయించి మొదట మూడు బ్లాకులలో ప్రయోగించినపుడు, వానిలో ఒకటి విశాఖపట్టణము జిల్లా పరవాడ. తెలంగాణమున ఇంటింటికి మంచినీరు తెచ్చు మిషన్ భగీరథ గొట్టముల గోతిలోనే గాజుపోగును వేసిరి. 2024 డిసెంబరులో ఆ సౌకర్యమును మొదట ప్రారంభించిన గ్రామములలో సంగారెడ్డి జిల్లా సంగుపేట ఒకటి. ఇట్టి లైన్లలో సాధారణముగా ఊరికి వచ్చు పోగు ఒక్కటే. కరెంటు అక్కరలేని ఒక చిన్న గాజు ముక్క దానిని ముప్పది రెండిండ్లకో అరువది నాలుగిండ్లకో చీల్చును. ఊరిలోనికి వచ్చు కాంతి ఒక రంగు, ఊరి నుండి పోవునది మరియొక రంగు. వచ్చునది అన్ని ఇండ్లకును వచ్చును. ఏ ఇంటి పెట్టె ఆ ఇంటిదానిని మాత్రమే విప్పుకొనును. పోవునపుడు ఎవరి వంతు వచ్చువరకు వారు ఆగవలెను. వంతు చెప్పు నీరటికాడు దూరపు ఎక్స్ఛేంజిలో నుండును. పారిశ్రామికవాడ దీపములను రాత్రులందు దూరము నుండి చూచుచు, ఒక దరఖాస్తు పంపుటకు సంగారెడ్డికి బస్సెక్కవలసి వచ్చిన గ్రామములకు ఈ వంతు దొరకుటయే ముఖ్యము. అది ఎంత వేగముగా వచ్చినదన్నది తరువాతి మాట.

అందరి మాటలు ఒక్క పోగులో పెట్టినందున నష్టమును అందరిదే. రోడ్డు వెడల్పునకో, నీటి గొట్టమునకో గోయి త్రవ్వు యంత్రపు పన్ను ఒక్కసారి తగిలినచో ఫ్యాక్టరీ, బ్యాంకు, బడి అన్నియు ఒకే క్షణమున మూగవోవును. అప్పుడు ఎక్స్ఛేంజి నుండి ఒక కాంతి చినుకును పంపి, తెగినచోట తగిలి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఎంత దూరమున తెగినదో లెక్కకట్టుదురు. పనివారు అచ్చటికి పోయి, కేబులు పైతోలు ఒలిచి పోగులను బయటికి తీయుదురు. చూచుటకు అన్నియు ఒక్కటే; అందుచేత వానికి పైపూతగా నీలి, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత నీలిపచ్చ అని పండ్రెండు రంగులు వేసియుందురు. రోడ్డు ప్రక్కన చిన్న గుడారము వేసి, దుమ్ము పడకుండ అడ్డుపెట్టి, నీలిదానిని నీలిదానితో, నారింజను నారింజతో కొన కొన కలిపి, విద్యుత్తు మెరుపుతో కరగించి అతుకుదురు. ఒక్కొక్క అతుకునకు నిమిషములు పట్టును. పెద్ద కేబులులో పోగులు తొంబది యారు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును.